మిర్చి తొడిమ యంత్రానికి ఏ దేశంలో పేటెంట్ తీసుకోవాలి?

పరకాల పక్క ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. తానూ, బావా కలిసి ఎండుమిర్చి తొడిమలు తీసే యంత్రం చేశారు. డ్రమ్ముకు గుండ్రటి రంధ్రాలు కాకుండా పొడవాటి సందులు పెట్టమన్నది వాళ్ల అక్క. నాలుగు నెలల కింద ఒక రైతు మేళాలో నడిపి చూపించారు, ఆ వీడియో యూట్యూబ్‌లో ఉంది. మేళా తర్వాత లోపల ఒక మార్పు చేస్తే, సన్న తేజ కాయే కాదు, లావు చపాటా కాయ కూడా పగలకుండా వస్తోందట. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంట్ 4 లక్షలకు "వరల్డ్ పేటెంట్" ఇప్పిస్తానన్నాడు. అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు "ముందు ఇక్కడే వేద్దాం, ఇక్కడి చట్టం గట్టిది" అంటున్నాడు. చైనా వాళ్లు కాపీ కొడతారని టెన్షన్. ఏ దేశం చట్టం మంచిది, ఎక్కడ ముందు వేయాలి అన్నది ప్రశ్న.

తమ్ముడూ, ఆ 4 లక్షలు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. వరల్డ్ పేటెంట్ అనేది ఈ భూమ్మీద లేదు. హనుమకొండలో కూర్చుని ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను, ఆ రెండు మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను.

పేటెంట్ అంటే పట్టా లాంటిది. పరకాలలో మీ పేరున సర్వే నంబరు ఉందని నర్సంపేటలో ఎవరి చెల్కలోనో దున్నకుండా ఆపలేరు కదా. భారత పేటెంట్ భారతదేశంలోనే చెల్లుతుంది, చైనా పేటెంట్ చైనాలోనే. చైనాలో ఒకాయన మీ యంత్రం చేసి చైనాలోనే అమ్ముకుంటే భారత పేటెంట్‌తో ఏమీ చేయలేరు. అదే యంత్రం కంటైనర్‌లో చెన్నై రేవుకు వచ్చి గుంటూరులోనో ఖమ్మంలోనో అమ్ముడవుతుంటే మాత్రం ఆపొచ్చు. మన చట్టంలో తయారీ, అమ్మకం, వాడకంతో పాటు దిగుమతి మీద కూడా పేటెంటుదారుకే హక్కు ఉంది. కోర్టుకు వెళ్లాలి, అది వేరే సంగతి. మీ భయంలో ఎక్కువ భాగానికి మందు భారత పేటెంటే.

కన్సల్టెంట్ చెప్పింది బహుశా పీసీటీ, అంటే పేటెంట్ సహకార ఒప్పందం కింద వేసే దరఖాస్తు గురించి అయి ఉంటుంది. 150కి పైగా దేశాలు ఉన్న ఒప్పందం అది. ఒక్క దరఖాస్తు వేస్తే ఆ దేశాలన్నింటిలో మీ దరఖాస్తు తేదీ నిలబడుతుంది, అంతే. పేటెంట్ రాదు. మొదటి తేదీ నుంచి 30 నెలలకు, కొన్ని దేశాల్లో 31 నెలలకు, మీరు కావాలనుకున్న ప్రతి దేశంలోనూ విడివిడిగా ఫీజు కట్టి, ఆ దేశపు భాషలో తర్జుమా చేయించి, అక్కడి ఏజెంటును పెట్టుకుని లోపలికి వెళ్లాలి. అక్కడి పరీక్షకుడు అక్కడి చట్టం ప్రకారం చూసి ఇస్తాడు, లేదా తిరస్కరిస్తాడు. పీసీటీ మంచి సాధనమే, డబ్బు సమకూర్చుకోవడానికి రెండున్నరేళ్లు గడువు దొరుకుతుంది. మన దేశంలో ఉండే వ్యక్తులు తమ పేరున వేసుకుంటే అంతర్జాతీయ ఫీజులో 90 శాతం తగ్గింపు కూడా ఉంది. దాన్ని పేటెంట్ అని చెప్పి అమ్మడమే తప్పు.

ఇక అసలు విషయం, మీరు అడగనిది. మీ వీడియో.

మూడుసార్లు చూశాను. ఆరు నిమిషాలు. మొదటి మూడు నిమిషాల వల్ల నష్టం లేదు. ఒకవైపు కాయ పోస్తున్నారు, ఇంకోవైపు తొడిమ లేని కాయ పడుతోంది, చుట్టూ జనం. అది చూసి యంత్రం ఎలా చేయాలో ఎవరికీ తెలియదు. చట్టం దృష్టిలో బయటపెట్టడం అంటే, ఆ పని తెలిసిన మనిషి చూసి తానూ చేయగలిగేంత చూపించడం. నాలుగో నిమిషంలో బావ మూత ఎత్తారు. పొడవాటి సందులు కోసిన డ్రమ్ము, ఆ సందుల్లోంచి కిందికి వేలాడుతున్న తొడిమలు, వాటిని పట్టి లాగే జంట రోలర్లు, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. సందు ఎన్ని మిల్లీమీటర్లో కూడా ఆయనే చెప్పారు. ఏ వెల్డింగ్ షాపు మేస్త్రీకైనా అది చాలు. వీడియో ఇప్పుడు తీసేసినా లాభం లేదు. బయటికి వచ్చిన తేదీ మారదు.

ఆ ఒక్క నిమిషాన్ని ఒక్కో దేశం ఒక్కోలా చూస్తుంది. పేటెంట్ చట్టాల మధ్య తేడాల్లో మీలాంటి వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

అమెరికాలో కనిపెట్టినవాడే బయటపెడితే ఏడాది గడువు ఉంటుంది. మేళా జరిగిన రోజు నుంచి ఏడాది లోపు మీరు ఇండియాలో దరఖాస్తు వేసి, దాని తేదీ ఆధారంగా అమెరికాలో వేసినా ఒప్పుకుంటారు. జపాన్‌లో కూడా ఏడాది గడువు ఉంది, 2018 దాకా ఆరు నెలలే ఉండేది. కానీ అక్కడొక మెలిక. ఇండియా తేదీ చాలదు, ఆ ఏడాది లోపే జపాన్ దరఖాస్తో పీసీటీ దరఖాస్తో పడాలి. యూరప్‌లో ఈ గడువు లేదనే అనుకోండి. ఎవరో నమ్మకద్రోహం చేసి బయటపెట్టారనో, గుర్తింపు పొందిన అంతర్జాతీయ ప్రదర్శనలో పెట్టామనో చూపిస్తే తప్ప, దరఖాస్తుకు ఒక్క రోజు ముందు మీరే చూపించినా కొత్తదనం పోయినట్టే. చైనాలో ఆరు నెలలు అని చట్టంలో ఉంది గానీ, అక్కడి ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనలు, నిర్దేశించిన విద్వత్ సభలు, మన అనుమతి లేకుండా ఇతరులు బయటపెట్టడం వంటి కొద్ది సందర్భాలకే. మనకై మనం యూట్యూబ్‌లో పెట్టింది అందులోకి రాదు.

మన దేశం? అమెరికాలాగే ఏడాది ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఇంజనీరింగ్ కాలేజీ సార్లు కూడా. మన చట్టం 31వ సెక్షన్‌లో ఏడాది అనే మాట ఉంది. కానీ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకూ, విద్వత్ సభ ముందు చదివిన పత్రాలకూ. మండల స్థాయి రైతు మేళాకు అలాంటి గెజిట్ ప్రకటన ఉండదు. 32వ సెక్షన్ ప్రకారం నలుగురి మధ్య తప్ప పరీక్షించలేని వస్తువైతే ఆ పరీక్ష వరకు మినహాయింపు ఉంది. మీరు కోల్డ్ స్టోరేజీలో కూలీల మధ్య నడిపి చూసింది దాని కిందికి రావచ్చు. మేళాలో చూపించింది పరీక్ష కాదు, ప్రచారం. కాబట్టి మూత ఎత్తి చూపించిన డ్రమ్ము, రోలర్ల అమరికకు ఇండియాలో, యూరప్‌లో, చైనాలో దారి దాదాపు మూసుకుపోయింది. అమెరికాలో ఇంకా ఎనిమిది నెలలు ఉంది, కానీ అక్కడ మీకు కొనేవాళ్లు ఎవరున్నారో ఆలోచించండి.

బాధపడకండి, ఎందుకంటే మేళా తర్వాత చేసిన మార్పు ఉంది. అదేమిటో మీరు రాయలేదు, చాలా మంచి పని చేశారు. సన్న కాయకూ లావు కాయకూ ఒకే యంత్రం సరిపోయేలా చేయడమే ఈ పనిలో అసలు కష్టం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఒకే రోజు తేజ, వండర్ హాట్, చపాటా అన్నీ వస్తాయి. ఒక్కో రకానికి డ్రమ్ము మార్చుకుంటూ కూర్చునే యంత్రాన్ని ఏ అడ్తిదారూ కొనడు. మీ మార్పు ఆ కష్టాన్ని తీర్చిందంటే విలువంతా అందులోనే ఉంది, అది ఇంకా ఎవరి కంటా పడలేదు. మీ ముగ్గురికీ, దరఖాస్తు రాసే మనిషికీ తప్ప ఎవరికీ చెప్పొద్దు. విడిభాగం చేసిచ్చిన లేత్ వర్క్‌షాపు ఆయనతో గోప్యత ఒప్పందం రాయించుకోండి, వంద రూపాయల స్టాంపు పేపర్ మీదైనా సరే.

వెంటనే ఇండియాలో ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే ముందుగా తేదీ దక్కించుకునే తాత్కాలిక దరఖాస్తు వేయండి. వ్యక్తుల పేరున ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది, వెళ్లాల్సిన పని లేదు. నంబరు, తేదీ అప్పుడే వస్తాయి. ఆ తేదీ నుంచి 12 నెలల లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం వేయాలి. ఆ 12 నెలల లోపే బయటి దేశాల్లో గానీ, పీసీటీ గానీ వేయాలి. అలా వేస్తే అక్కడా మీ మొదటి తేదీనే లెక్క, 1883 నాటి పారిస్ ఒప్పందం ఇచ్చే హక్కు ఇది. మన దేశం ఆ ఒప్పందంలోనూ, పీసీటీలోనూ ఒకే రోజు, 1998 డిసెంబర్ 7న చేరింది.

ఈ 12 నెలల లెక్కలో నేనొకసారి తప్పు చేశాను. పని మొదలుపెట్టిన తొలి ఏళ్లలో, మెట్‌పల్లి వైపు నుంచి ఒక రైతు పసుపు కొమ్ములు ఆవిరితో ఉడికించే పాత్రలో కొత్త అమరిక చేసుకొచ్చాడు. మార్చిలో ప్రొవిజనల్ వేశాను, వచ్చే ఫిబ్రవరిలో కంప్లీట్. మధ్యలో యంత్రం గురించి ఫొటోతో సహా పేపర్లో వచ్చింది. తర్వాత జర్మనీ నుంచి ఒక మసాలా కంపెనీ వాళ్లు అడిగారు. యూరప్‌లో వేయడానికి వచ్చే ఫిబ్రవరి దాకా టైం ఉందని చెప్పాను. కంప్లీట్ వేసిన తేదీ నుంచి లెక్కపెట్టాను, ప్రొవిజనల్ తేదీ నుంచి పెట్టాలి. జూన్‌లో కాగితాలు తయారుచేస్తుంటే విషయం తెలిసింది, అప్పటికి గడువు దాటి మూడు నెలలు. పేపర్లో వచ్చిన ఆ వార్తే యూరప్‌లో మాకు అడ్డం. ఆయన నన్నేమీ అనలేదు. అప్పటి నుంచి ప్రతి ఫైలు అట్ట మీద మొదటి తేదీ ఎర్ర పెన్నుతో రాస్తాను. మీరు కూడా గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, ఏజెంటు గుర్తుపెట్టుకుంటాడని వదిలేయొద్దు.

ఇప్పుడు మేనమామ కొడుకు మాట. ముందు అమెరికాలో వేయొద్దు. ఇండియాలో నివసించేవాళ్లు ఇక్కడ కనిపెట్టినదాన్ని నేరుగా బయటి దేశంలో వేయాలంటే 39వ సెక్షన్ కింద పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. మామూలుగా 21 రోజుల్లో ఇస్తారు. అదొద్దనుకుంటే ముందు ఇండియాలో వేసి ఆరు వారాలు ఆగి, ఆ తర్వాత బయట వేయొచ్చు. రెండూ చేయకుండా వేస్తే ఇక్కడి దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క, పేటెంట్ వచ్చి ఉంటే రద్దు చేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. తెలియక చేశామంటే కుదరదు. ఇంకొకటి, అమెరికా దరఖాస్తులో కనిపెట్టినవాళ్ల పేర్లే ఉండాలి. ఆయన పేరు అక్కడ ఉన్నాడన్న కారణంతో కనిపెట్టినవాడిగా రాయకూడదు.

ఆ సందర్భంలోనే చెప్తున్నాను, మీ అక్క పేరు రాయండి. రోజూ కాయ పోసి చూసింది అంటే అది సాయం. కానీ "గుండ్రటి రంధ్రం వద్దు, పొడవు సందు పెట్టు" అన్నది ఆలోచన. మేళా తర్వాతి మార్పులో కూడా ఆమె ఆలోచన ఉంటే ఆమె కూడా కనిపెట్టినవాళ్లలో ఒకరు, దరఖాస్తులో పేరు ఉండి తీరాలి. అమెరికాలో కనిపెట్టినవాళ్ల పేర్లు తప్పుగా ఉంటే, సరిదిద్దుకోకపోతే, పేటెంటే కూలిపోతుంది. మన దగ్గర ఒకరి ఆలోచన మరొకరు తమదిగా వేసుకున్నారనేది అభ్యంతరానికి కారణం అవుతుంది. పైగా వ్యక్తుల దరఖాస్తులో ఒక్క మహిళా దరఖాస్తుదారు ఉన్నా మన దేశంలో త్వరిత పరీక్ష కోరవచ్చు. వ్యక్తులకు దాని ఫీజు 8,000, మామూలు పరీక్షకు 4,000. ఏళ్లు పట్టే పని నెలల్లోకి వచ్చే అవకాశం ఉంది. కానీ త్వరిత పరీక్ష కోసం కాదు, ఆలోచన ఆమెది కాబట్టి రాయండి. మన ఊళ్లలో ఇలా పేరు లేకుండా పోయిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు.

"ఏ దేశం చట్టం మంచిది" అన్నారు. ఒక్కో దేశం తన అవసరాన్ని బట్టి రాసుకుంది, కాబట్టి ఎవరికి మంచిది అని అడగాలి. 1911 నాటి బ్రిటిష్ చట్టంతో మందుల పేటెంట్లన్నీ విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేవి. 1959లో జస్టిస్ అయ్యంగార్ కమిటీ నివేదిక ఇచ్చింది, 1970లో కొత్త చట్టం వచ్చింది. మందు మీద కాదు, మందు తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ అన్నారు. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చన్నమాట. హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల ఫ్యాక్టరీలు లేవడానికి ఆ చట్టం పెద్ద కారణం. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఒప్పందం వల్ల 2005 జనవరి 1 నుంచి మందుకే పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. అయినా మన చట్టంలో సెక్షన్ 3(డి) అనే కాపలా పెట్టుకున్నాం. పాత మందుకే కొత్త రూపం ఇచ్చి, గుణం పెరిగిందని చూపించకుండా మళ్లీ ఇరవై ఏళ్లు అడిగితే ఇవ్వరు. నోవార్టిస్ క్యాన్సర్ మందు విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తేల్చింది దాని గురించే. అంతకు ఏడాది ముందు, 2012 మార్చిలో, బేయర్ కంపెనీ నెలకు సుమారు 2 లక్షల 80 వేలకు అమ్ముతున్న నెక్సావర్ అనే క్యాన్సర్ మందును 8,880 రూపాయలకు అమ్మేలా మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు తప్పనిసరి లైసెన్స్ ఇచ్చారు, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే అనుమతి అది. పేటెంటుదారుకు రాయల్టీ ఇస్తూనే. అమెరికా చట్టంలో ఇలా ప్రజలకు అందుబాటులో లేదని లైసెన్స్ ఇచ్చే సాధారణ ఏర్పాటు లేదు. విత్తనాలూ అంతే. అమెరికాలో మొక్క మీద కూడా పేటెంట్ వస్తుంది, మన దగ్గర రాదు. 2001 నాటి వంగడాల చట్టం కింద రైతు తన విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండ్ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. పత్తి రైతుల మధ్య పెరిగిన నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

పసుపు కథ ఇంకా దగ్గరిది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం నిజామాబాద్‌లో ఏ అమ్మకు తెలియదు? 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి గాయాలకు పసుపు వాడకం మీద పేటెంట్ ఇచ్చారు. అప్పటి అమెరికా చట్టంలో, వేరే దేశంలో జనం వాడుతున్నారన్న సంగతి లెక్కలోకి రాదు, అచ్చులో ఉంటేనే లెక్క. అందుకే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలు వెతికి పట్టుకెళ్లాల్సి వచ్చింది. 1997లో పేటెంట్ రద్దయింది. వేపనూనె మీద యూరప్ ఇచ్చిన పేటెంట్ విషయంలో తీరు వేరు. అక్కడ వాడకం కూడా సాక్ష్యమే. మన దేశంలో వేప మందు తయారుచేసిన పరిశ్రమాధిపతి మ్యూనిక్ వెళ్లి సాక్ష్యం చెప్పారు. 2000లో రద్దు చేశారు, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. అమెరికా 2013 మార్చి 16 నుంచి తన చట్టం మార్చుకుంది. ఇప్పుడు అక్కడ కూడా ఏ దేశంలోని వాడకమైనా లెక్కే. ముందు కనిపెట్టినవాడికి కాకుండా ముందు దరఖాస్తు వేసినవాడికే పేటెంట్ అన్న పద్ధతి కూడా ఆ రోజు నుంచే. కాబట్టి "నేనే ముందు చేశాను, సాక్షులున్నారు" అన్న మాట ఇప్పుడు ఎక్కడా చెల్లదు. తేదీ ఉండాలి.

చైనా గురించి అందరూ కాపీ దేశం అంటారు. అక్కడి చట్టం మాత్రం కాగితానికే పరిమితం కాదు, అమలవుతుంది కూడా. అక్కడ యుటిలిటీ మోడల్ అనే చిన్న పేటెంట్ ఉంది. పదేళ్లు ఉంటుంది, లోతుగా పరీక్షించకుండానే త్వరగా ఇస్తారు. మీది లాంటి యంత్రాల్లో చేసే మార్పులకు అది సరిగ్గా సరిపోతుంది. దాన్ని తక్కువ అంచనా వేయకండి. చైనా కంపెనీ చింట్, ఫ్రాన్స్‌కు చెందిన ష్నైడర్ మీద గెలిచింది చిన్న సర్క్యూట్ బ్రేకర్ యుటిలిటీ మోడల్‌తోనే. 2007లో కింది కోర్టు 33 కోట్ల యువాన్లు కట్టమంది, 2009లో రాజీ పడినప్పుడు కూడా ష్నైడర్ 15.75 కోట్ల యువాన్లు ఇచ్చింది. 2021 నుంచి కావాలని కాపీ కొట్టినవాళ్ల మీద నష్టానికి ఐదు రెట్ల దాకా వేసే వీలు కూడా పెట్టారు. చైనా మన తేజ మిర్చిని పెద్ద ఎత్తున కొంటుంది, ఇలాంటి యంత్రాలు తయారు చేసేదీ వాళ్లే. బయట ఒక్క దేశానికే డబ్బు ఉందంటే నేనైతే చైనాలోనే పెట్టమంటాను, అదీ కొత్త మార్పు మీద యుటిలిటీ మోడల్‌గా.

జర్మనీలో ఈ చిన్న పేటెంట్ 1891 నుంచి ఉంది, జపాన్‌లో ఉంది. మన దగ్గర లేదు. 2011లో కేంద్రం చర్చాపత్రం పెట్టింది, అక్కడే ఆగిపోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. చీరల నేతకు ఆసు పోసే యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి లాంటి వాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు, వర్క్‌షాపుల్లో, పొలాల్లో. వాళ్లు చేసే మార్పులు పూర్తి పేటెంటుకు కావాల్సినంత పెద్దవి కాకపోవచ్చు. కానీ కూలీ ఆడవాళ్లకు మిర్చి ఘాటుతో చేతులు మండకుండా చేస్తాయి. వాటికి పదేళ్ల చిన్న రక్షణ ఉండాలి.

దరఖాస్తు రాసే ముందు వెతకండి. గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాసెనెట్ అనే రెండు వెబ్‌సైట్లూ ఉచితం. "చిల్లీ" అని కొడితే సగం కూడా దొరకవు. చైనా పత్రాల తర్జుమాల్లో "హాట్ పెప్పర్" అనో "క్యాప్సికమ్" అనో ఉంటుంది. వర్గీకరణ సంకేతం ఏ23ఎన్ 15/02 పెట్టి వెతికితే పండ్ల, కూరగాయల తొడిమ తీసే యంత్రాలు వస్తాయి. బొమ్మలు చూసినా చాలు. మీ మార్పు అందులో ఎక్కడైనా కనబడితే ఇప్పుడే తెలియడం మంచిది.

పేటెంటులో హద్దురాళ్లు క్లెయిమ్‌లు. మిగతా ముప్ఫై పేజీలు ఎంత బాగా రాసినా, హక్కు ఆ క్లెయిమ్‌ల వాక్యాల వరకే. మూత ఎత్తి చూపించిన పాత భాగంతోనే చెప్తాను. "40 మిల్లీమీటర్ల వ్యాసం గల రెండు రబ్బరు రోలర్లు" అని రాస్తే, పక్కవాడు 45 మిల్లీమీటర్ల నైలాన్ రోలర్లు పెట్టి హద్దు అవతల నిలబడతాడు. "తొడిమను పట్టి లాగేలా ఎదురెదురుగా తిరిగే కనీసం ఒక జత భాగాలు" అంటే రబ్బరైనా, నైలాన్ అయినా, బ్రష్ అయినా లోపలే. మరీ విశాలంగా రాస్తే పాత పేటెంటుకు తగిలి కూలుతుంది. అందుకే మొదటి క్లెయిమ్ వెడల్పుగా, తర్వాతివి ఒక్కో వివరం చేరుస్తూ ఇరుకుగా రాస్తాం. ప్రొవిజనల్‌లోనే మార్పుకు ఉన్న రూపాలన్నీ రాయండి, స్ప్రింగుతో చేయొచ్చా, బరువుతో చేయొచ్చా, గాలితో చేయొచ్చా అని. తర్వాత కొత్త విషయం చేర్చడానికి ఏ దేశమూ ఒప్పుకోదు, యూరప్ అయితే ఒక్క మాట దగ్గర కూడా పట్టుకుంటుంది. ఫీజు లెక్క కూడా చూసుకోండి. మన దగ్గర పది క్లెయిమ్‌లు దాటితే ఒక్కోదానికీ అదనపు ఫీజు. చైనాలోనూ పదే. యూరప్‌లో పదిహేను, అమెరికాలో ఇరవై.

కెమెరా పెట్టి కాయ రంగును బట్టి గ్రేడు వేరుచేయాలని బావకు ఆలోచన ఉందన్నారు. కేవలం సాఫ్ట్‌వేర్ అంటే మన చట్టం సెక్షన్ 3(కె) కింద ఆగిపోతుంది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల మీద అక్కడి సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన ఆలిస్ తీర్పు తర్వాత అక్కడా కష్టమే. కెమెరా చూసిన దాన్ని బట్టి గాలి గొట్టం కాయను పక్కకు ఊదే అమరికగా రాస్తే అన్ని దేశాల్లోనూ నిలబడే అవకాశం ఎక్కువ. అది తర్వాతి మాట.

యంత్రానికి పెట్టుకున్న పేరుకు మాత్రం ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఇప్పుడే వేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు, యంత్రాలది ఏడో తరగతి. వీడియో వల్ల పేరుకు నష్టం లేదు, ఇంకా లాభమే. వరంగల్ చపాటాకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాంతో మనకూ ఏదైనా రక్షణ ఉంటుందా అన్నారు. ఉండదు. అది కాయకు, ఆ కాయ పండించే ప్రాంతానికి. మన కొత్తవాడ దర్రీలకు 2018లో వచ్చిన జీఐ దర్రీకే గానీ మగ్గానికి కానట్టు.

ఖర్చు నిజాయితీగా చెప్తాను. ఇండియాలో ప్రభుత్వ ఫీజులన్నీ కలిపినా త్వరిత పరీక్షతో సహా పది పన్నెండు వేల దగ్గర ఉంటుంది, ఏజెంటు ఫీజు వేరు. పేటెంట్ వచ్చాక, దరఖాస్తు తేదీ నుంచి లెక్కపెట్టి మూడో ఏడు నుంచి ఏటా కట్టే ఫీజు వ్యక్తులకు మొదట 800, తర్వాత పెరుగుతూ చివరి ఐదేళ్లూ 8,000. బయటి దేశమైతే ఒక్కోదానికి లక్షల్లో ఉంటుంది, యూరప్‌లో పేటెంట్ రాకముందే మూడో ఏడు నుంచి ఏటా కట్టాలి. అందుకే ముందు ఈ 12 నెలల్లో పది యంత్రాలు అమ్మి చూడండి. గుంటూరు, ఖమ్మం, కర్ణాటక బ్యాడిగి వాళ్లు కొంటారో లేదో తెలిశాక చైనా సంగతి. ఏజెంటును పెట్టుకుంటే పేటెంట్ ఆఫీసు రిజిస్టర్‌లో ఆయన పేరు ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. పేటెంట్ ఏజెంటు పరీక్ష పాసైన మనిషి వరల్డ్ పేటెంట్ అనే మాట అనడు.

ఫిబ్రవరిలో కొత్త కాయ వచ్చినప్పుడు మార్కెట్ యార్డులో మళ్లీ నడిపి చూపించమని అడిగారని రాశారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ దరఖాస్తు నంబరు చేతికి వచ్చాకే యంత్రాన్ని ట్రాలీ ఎక్కించండి. ఆ రోజు కూడా మూతకు బోల్టులు బిగించే ఉంచండి.